నారు కొంటే తెగులు ఫ్రీ

అయిదుకి రెండు స్టార్లు. ఆ రెండూ కొట్లో కుర్రాడి మంచితనానికి.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో ఉన్న నర్సరీ, పేరు రాయను. మిద్దె తోటకని జూన్‌లో టమాటా నారు పన్నెండు, మిర్చి ఆరు, కీర దోస నాలుగు తెచ్చా. మొక్క 5 రూపాయలు. కుర్రాడిది మదనపల్లె. కొసరుగా రెండు పుదీనా కొమ్మలు కూడా పెట్టాడు. ఒక మిర్చి మొక్క ఆకు క్రోటన్‌లా రెండు రంగుల్లో ఉంటే, ముచ్చటగా ఉందని నేనే ఏరుకున్నా. నా తెలివి!

మూడు వారాలకి టమాటా చిగుళ్లు దారాల్లా సాగాయి. ఒక ఆకైతే నడిమి ఈనె తప్ప ఏమీ లేదు, అచ్చం బూటు లేసు. ఫోటో చూపిస్తే "జింకు తక్కువైందాంటీ" అని 180 రూపాయల సీసా అంటగట్టాడు. కొట్టాను. ఈలోగా దోసాకుల మీద ముదురు, లేత ఆకుపచ్చ అతుకులేసినట్టు మచ్చలొచ్చాయి, అంచులు కిందికి ముడుచుకున్నాయి. కాసిన ఒక్క కాయా పాలిపోయి, ఒళ్లంతా పులిపిర్లు. మళ్లీ వెళ్తే "టమాటా తెగులు దోసకి రాదాంటీ" అన్నాడు. అక్కడ మండింది నాకు.

గుంటూరు దగ్గర మిర్చి వేసే మా తమ్ముడికి ఫోటోలు పంపా. "చూడబోతే కుకుంబర్ మొజాయిక్ అక్కా. పేరుకే దోస వైరస్, టమాటా, మిర్చి, పాలకూర, గుమ్మడి, ఆఖరికి అరటినీ వదలదు. పోషకాల లోపమైతే ఆకుకి రెండు పక్కలా ఒకే తీరుగా పాలిపోతుంది, ఇలా అడ్డదిడ్డంగా రాదు. పీకి పారెయ్" అన్నాడు. 1,200కి పైగా మొక్క జాతులకి సోకుతుందట. మోసేది పేనుబంక, ఆకుల రసం పీల్చే చిన్న పురుగు. మందు కొట్టినా, అది చచ్చేలోపే పక్క మొక్కని కుట్టి అంటించేస్తుంది.

ఈసారి నర్సరీలో నారు ట్రేల పక్కనున్న పాత మిర్చి మొక్క ఆకు తిప్పి చూశా. అడుగున పేనుబంక గుంపు, దాని జిగురుకి చీమల బారు. మన మేడ మీదికే ఎగిరొచ్చిందేమో అంటారు మా ఆయన. కావచ్చు, కానీ కొన్నప్పుడే రెండు రంగుల్లో ఉన్న ఆ క్రోటన్ మిర్చి మా మేడ మీద పుట్టలేదు కదా!

బెండకి ఏమీ కాలేదు. దాని పల్లాకు తెగులు వేరే వైరస్, తెల్లదోమ తెస్తుంది. పైగా నేను వేసింది దాన్ని తట్టుకునేలా తయారుచేసిన ఆర్క అనామిక, మన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ల రకం.

కుండీలు, కోకోపీట్ అక్కడే కొంటా. నారు మాత్రం ఇంట్లోనే పోసుకుంటా. మొన్న వెళ్తే కుర్రాడే అడిగాడు, "ఆ ఫోటోలు నాకూ పంపండాంటీ, ఓనర్‌కి చూపిస్తా" అని.