బెరిల్ తుఫానుకి నిలబడిన మా జనరేటర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి హ్యూస్టన్‌లో చీకట్లో వణికాక కొన్నాం ఈ ఇన్వర్టర్ జనరేటర్. పెట్రోలుతోనూ సిలిండర్‌లో వచ్చే ప్రొపేన్ గ్యాసుతోనూ నడుస్తుంది. పెట్టె మీద 4,500 వాట్లని పెద్దక్షరాలతో ఉంటుంది గానీ అది స్టార్టింగ్ లెక్క, మోటార్లు ఎత్తుకునే ఆ క్షణానికే. నిలకడగా ఇచ్చేది 3,500, ప్రొపేన్ మీద ఇంకా తక్కువ.

మొదట్లో దానితో పనే పడలేదు. అక్కడే కొంప మునిగింది. ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేశాను. 2023 జూన్‌లో, తుఫాన్ల సీజన్ మొదలైంది కదా అని తాడు లాగితే భుజం నొప్పే మిగిలింది. కార్బ్యురేటర్ విప్పి చూస్తే గిన్నె నిండా జిగురు. పెట్రోలు వచ్చే జెట్ రంధ్రాన్ని సన్నని తీగతో పొడిచి బాగుచేసుకున్నా. ఇథనాల్ కలిసిన పెట్రోలు నిలవుంటే అంతే మరి. ఇప్పుడు నిలవకి ప్రొపేనే, అది చెడిపోదు. సిలిండర్లు మాత్రం గరాజులో కాదు, బయటే.

2024 జులై 8న బెరిల్ వచ్చింది. కేటగిరీ 1, అంటే హరికేన్లలో అన్నిటికంటే తక్కువ స్థాయే కదా అనుకున్నాం. 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, మాకైతే ఐదు రోజులు. బంకుల దగ్గర బారులు, కొన్నిటికి కరెంటే లేదు. మా దగ్గర 20 పౌండ్ల సిలిండర్లు నాలుగున్నాయి. ఫ్రిజ్, పడగ్గదిలో చిన్న విండో ఏసీ వేస్తే ఒక్కోటి పదిహేను గంటలు వచ్చింది. అందరం ఆ గదిలోనే పడుకున్నాం. సెంట్రల్ ఏసీ మీద ఆశ పెట్టుకోకండి. ఫ్రిజ్ కంప్రెసర్ ఎత్తుకునే క్షణంలోనే అత్తయ్య మైక్రోవేవ్ నొక్కింది, ఎర్ర లైటు వెలిగి అంతా ఆగిపోయింది.

ఇంటికి 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం కిటికీల వైపు లేకుండా పెట్టాం. లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంది. బట్టల డ్రయ్యర్ ప్లగ్గులోంచి ఇంట్లోకి కరెంటు ఎక్కించే చిట్కా జోలికి మాత్రం పోకండి. అది బయటి తీగల్లోకి పారి లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. మేం ఎలక్ట్రీషియన్‌తో ఇంటర్‌లాక్ పెట్టించాం, బయటి కరెంటు, జనరేటర్ రెండూ ఒకేసారి ఆన్ కాకుండా అడ్డేది.

బ్యాటరీ స్టార్ట్ రెండేళ్లకే చచ్చింది, కంపెనీవాళ్లు పట్టించుకోలేదు. బెరిల్ అప్పుడు నాలుగో రాత్రి రెండింటికి ఇంజన్ ఉన్నట్టుండి ఆగింది. ఆయిల్ తగ్గితే అదే ఆగిపోతుందట, ఇంట్లో చుక్క ఆయిల్ లేదు. పక్కింటాయన టార్చి పట్టుకొచ్చి, లాన్‌మోవర్ కోసం దాచుకున్న డబ్బా ఇచ్చాడు. ఇప్పుడు జూన్‌కి ముందే రెండు డబ్బాలు కొంటున్నా, ఒకటి ఆయనకి.