పారా స్విమ్మింగ్ కోచింగ్ కోసం బెంగళూరులో మేము వెళ్తున్న పూల్ - నా రివ్యూ

కాలో చెయ్యో లేని పిల్లల్ని పోటీలకి తయారుచేసే స్విమ్మింగ్ కోచింగ్ బెంగళూరులో ఎక్కడుందో చెప్పమని చాలామంది అడుగుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. మా తమ్ముడికి పదిహేడేళ్ళు. చిన్నప్పుడు యాక్సిడెంట్ అయ్యి కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. మాది హిందూపురం, నేను ఇక్కడ జాబ్ చేస్తున్నా కాబట్టి వాణ్ణి పీయూసీకి (ఇక్కడి ఇంటర్) నా దగ్గరికే తెచ్చుకున్నా. అప్పట్నుంచి బన్నేరుఘట్ట రోడ్డు వైపున్న ఒక ప్రైవేట్ పూల్‌లో కోచింగ్‌కి వెళ్తున్నాడు. పేరు ఇక్కడ పెట్టట్లేదు, ఉన్నవే ఆరు లేన్లు, అందరూ ఒక్కసారి వెళ్ళి పడితే ఇప్పుడున్న పిల్లలకే ఇబ్బంది. నిజంగా చేరాలనుకునేవాళ్ళు మెసేజ్ పెట్టండి, చెప్తా.

నాకు అన్నిటికంటే నచ్చింది కోచ్ సార్ అడిగిన మొదటి ప్రశ్న. కాలు ఎలా పోయింది, ఎప్పుడు పోయింది, పాపం అనే మాటలేం లేవు, "యాభై మీటర్లు ఎంతలో కొడతావు?" అని అడిగారు. మావాడికి తెలీదు, ఎందుకంటే వాడు ఈత నేర్చుకుంది మా మామ వాళ్ళ తోట బావిలో, నడుముకి బెండ్లు కట్టి దింపితే నేర్చుకున్నాడు, అక్కడ మీటర్లెక్కడివి. సరే దిగు అని స్టాప్‌వాచ్ తీశారు. అంతకుముందు వేరే పూల్‌కి వెళ్తే రిసెప్షన్‌లోనే ఆపేశారు, రిస్క్ మేడమ్ అన్నారు, పక్కన ఎవరో ఒకరు నీళ్ళలో ఉండాలన్నారు, మిగతా మెంబర్లు ఏమనుకుంటారో అని కూడా అన్నారు. వాడు ఇంటికొచ్చాక అన్నం తినలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటల గురించి విడిగా ఒక సెక్షనే ఉంది, అయినా ఈ మాటలు పడాల్సి వస్తోంది. అందుకే చెప్తున్నా, పూల్ చూడ్డానికి వెళ్ళినప్పుడు టైల్స్ మెరుస్తున్నాయా లేదా అని కాదు, కోచ్ మీ పిల్లాడి టైమ్ గురించి అడుగుతున్నాడా లేదా చూడండి. ఏదో వ్యాయామం కోసం వచ్చాడులే అనుకునే కోచ్ దగ్గర ఏళ్ళు గడిచినా ఒక్క సెకను కూడా తగ్గదు.

రెండోది, గేటు నుంచి నీళ్ళ దాకా దారి. ఇది మామూలు రివ్యూల్లో ఎవరూ రాయరు. కృత్రిమ కాలుతో రేసులో ఈదనివ్వరు, కాలు తీసి గట్టు మీద పెట్టే దిగాలి. అంటే డ్రెస్ మార్చుకునే రూమ్ నుంచి లేన్ దాకా కర్రలతో నడవాలి, తడి టైల్స్ మీద కర్ర కింద రబ్బర్ బుడిపె ఎలా జారుతుందో చూసినవాళ్ళకే తెలుసు. ఇక్కడ రూమ్ తలుపు నుంచి ఒకటో లేన్ దాకా బొక్కల బొక్కల రబ్బర్ మ్యాట్ పరిచారు, నీళ్ళు కిందికి దిగిపోతాయి, పైన ఆరినట్టే ఉంటుంది. ఒకటో లేన్ పక్కనే చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ, పక్కన ఒక గోడ కొక్కెం, కాలు సంచిలో పెట్టి దానికి తగిలిస్తారు, ఎందుకంటే క్లోరిన్ నీళ్ళు మోకాలి జాయింట్‌లోకి పోతే ఆ కాలు పాడైపోతుంది, దాని రిపేర్ ఖర్చు ఒక ఏడాది పూల్ ఫీజు కంటే ఎక్కువ. ఇవన్నీ పెద్ద ఖర్చు పనులు కాదు, మ్యాట్ కుర్చీ కొక్కెం, అంతే. చెయ్యాలనే మనసుండాలి.

ఇక కోచింగ్. ఒంటికాలితో ఫ్రీస్టైల్ కొడితే నడుము ఒక పక్కకి ఊగుతుంది, ఉన్న కాలు ఎటు తన్నితే ఒళ్ళు దానికి ఎదురు వైపు తిరుగుతుంది. సార్ వాడికి ఎడమ కాలు నేరుగా కాకుండా కొంచెం మధ్యలోకి తెచ్చి తన్నమన్నారు. టర్న్‌లో కూడా అంతే, గోడకి పాదం ఎడమవైపు ఆనిస్తే ఒళ్ళు వంకరగా బయటికొస్తుంది, పాదం సరిగ్గా ఒంటి మధ్య గీతకి ఎదురుగా ఆనించు అని రోజూ అరుస్తారు. పుల్ బోయ్ అని తొడల మధ్య పెట్టుకునే ఫోమ్ ముక్క ఉంటుంది కదా, కాళ్ళు తేలుతూ చేతులతో మాత్రమే ఈదడానికి, మావాడికి అది నిలవదు, రెండో పక్క పట్టుకోడానికి తొడ సగమే ఉంది కాబట్టి జారి వెనక తేలుతూ పోతుంది. సార్ దానికి వెల్క్రో పట్టీ కుట్టించి ఎడమ తొడకే కట్టేశారు. అమెజాన్‌లో దొరికేది కాదు ఇది, గాంధీ బజార్‌లో బ్యాగులు కుట్టే ఆయన దగ్గర చేయించారట. ఇంకో మంచి పని, భుజాలు కాపాడతారు. కర్రలతో నడిచే పిల్లలకి రోజంతా భుజాల మీదే బరువు, పొద్దున ఈత కూడా భుజాల మీదే, అందుకని కాలేజీలో ఎక్కువ నడవాల్సిన రోజుల్లో బటర్‌ఫ్లై చేయించరు, రబ్బర్ బ్యాండ్‌తో ఎక్సర్‌సైజ్‌లు చేయించి వదిలేస్తారు.

స్టార్ట్ గురించి మాకు చాలా భయం ఉండేది, బ్లాక్ (రేసు మొదట్లో నిలబడి దూకే దిమ్మ) మీద ఒంటికాలితో ఎలా నిలబడతాడని. రూల్స్ ప్రకారం బ్లాక్ మీద కూర్చుని దూకొచ్చు, నీళ్ళలో ఉండే మొదలుపెట్టొచ్చు, బ్యాలెన్స్ లేనివాళ్ళని స్టార్ట్ సిగ్నల్ దాకా ఒక మనిషి పట్టుకోవచ్చు కూడా, కానీ ముందుకి తొయ్యకూడదు. ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలీదు. మావాడు ఇప్పుడు నిలబడే దూకుతున్నాడు, రెండు చేతులు బ్లాక్ అంచు పట్టుకుని వంగి, మడమ పైకి లేపి, చూస్తుంటే నాకు గుండె దడ.

క్లాసిఫికేషన్ (వైకల్యం ఎంతో చూసి ఏ క్లాసులో పోటీ పడాలో తేల్చడం) విషయంలో వీళ్ళు చేసిన సాయం వేరే చోట దొరుకుతుందని అనుకోను. కొత్తవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తా. శారీరక వైకల్యం ఉన్నవాళ్ళకి ఎస్1 నుంచి ఎస్10 దాకా క్లాసులు, నంబర్ తగ్గే కొద్దీ వైకల్యం ఎక్కువ. చూపు లేనివాళ్ళకి, తక్కువున్నవాళ్ళకి 11 నుంచి 13, మేధో వైకల్యానికి 14. ఫ్రీస్టైల్, బ్యాక్, బటర్‌ఫ్లైకి ఎస్. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాళ్ళ పని ఎక్కువ కాబట్టి దానికి విడిగా ఎస్‌బీ, మెడ్లీకి (రకరకాల ఈతలు కలిపిన రేసు) ఎస్ఎమ్. ముందు టేబుల్ మీద పడుకోబెట్టి కండ బలం, కీళ్ళు ఎంత వంగుతాయి చూస్తారు, తర్వాత నీళ్ళలో, తర్వాత రేసులో కూడా గమనిస్తారు. మావాడికి ఎస్9, బ్రెస్ట్‌స్ట్రోక్‌కి ఎస్‌బీ8 వచ్చింది. పక్క లేన్‌లో మోచేతి కింద చెయ్యి లేని అబ్బాయి ఉండొచ్చు, వాడూ ఎస్9 కావొచ్చు, వైకల్యం పేరు వేరైనా నీళ్ళలో ఎంత ఇబ్బంది పెడుతుందనేదే లెక్క. సార్ మాకు మెడికల్ రిపోర్టులు ఏవేవి కావాలో ముందే రాసిచ్చారు, టేబుల్ మీద ఏం చేయిస్తారో వాడికి చెప్పి కంగారు పడకుండా చేశారు, దాచొద్దు, ఎక్కువ చేసి చూపించొద్దు అని గట్టిగా చెప్పారు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

పూల్ గోడ మీద శరత్ గైక్వాడ్ ఫొటో ఉంది. బెంగళూరు కుర్రాడే, 2014 ఇంచియాన్ ఆసియన్ పారా గేమ్స్‌లో ఒక్కడే ఆరు పతకాలు తెచ్చాడు. నిరంజన్ ముకుందన్‌దీ ఈ ఊరే, వెన్నెముక సమస్యతో పుట్టి టోక్యో పారాలింపిక్స్ దాకా వెళ్ళాడు. అసలు పారాలింపిక్స్‌లో మన దేశానికి మొదటి వ్యక్తిగత స్వర్ణం తెచ్చింది ఈతే, 1972 హైడెల్‌బర్గ్‌లో మురళీకాంత్ పేట్కర్, 1965 యుద్ధంలో గాయపడ్డ సైనికుడు, 50 మీటర్ల ఫ్రీస్టైల్. మన తెలుగువాళ్ళలో అయితే సత్తుపల్లిలో పుట్టిన మాధవీలత ప్రతిపాటి గారు, పోలియో వచ్చిన మనిషి, చెన్నైలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ పెద్దయ్యాకే ఈత మొదలుపెట్టి జాతీయ పోటీల్లో గెలిచారు. మా తమ్ముడికి ఈ పేర్లన్నీ ఇక్కడికి వచ్చాకే తెలిశాయి, స్కూల్లో ఒక్క టీచర్ కూడా చెప్పలేదు, అది నాకు చాలా బాధ.

బాగోలేనివి కూడా చెప్పాలి. పూల్ 25 మీటర్లదే. పెద్ద పోటీలు 50 మీటర్ల పూల్‌లో జరుగుతాయి. మామూలు పిల్లలకి 25లో టర్నులు ఎక్కువ కాబట్టి ప్రతి టర్న్‌కీ గోడని తన్ని టైమ్ బాగా వస్తుంది, ఒంటికాలి వాడికి ఆ లాభం తక్కువ, కాబట్టి పక్క పిల్లల టైమ్‌తో పోల్చి వీడు ఊరికే దిగులు పడతాడు. పోటీల ముందు సార్ వేరే చోట 50 మీటర్ల పూల్‌కి తీసుకెళ్తారు కానీ ఆ ఎంట్రీ డబ్బులు మనవే. డిసెంబర్, జనవరిలో నీళ్ళు చల్లగా ఉంటాయి, హీటింగ్ లేదు, మావాడికి మిగిలిన తొడ కండ పట్టేస్తుంది, పావుగంట ఎక్కువ వార్మప్ చేయాల్సిందే. డ్రెస్సింగ్ రూమ్ ముందు రెండు మెట్లున్నాయి, పట్టుకోడానికి కడ్డీ లేదు, ఓనర్ గారికి ఎన్నిసార్లు చెప్పినా చేయిస్తాం చేయిస్తాం అంటారు. పూల్‌లోకి నిలువు స్టీల్ నిచ్చెన తప్ప వెడల్పు మెట్లు లేవు, వీల్‌చైర్ వాళ్ళని ఇద్దరు ఎత్తి దింపాల్సి వస్తోంది, అది ఎవరికీ మర్యాదగా ఉండదు. అన్నిటికంటే కోపం వచ్చేది ఏప్రిల్‌లో, సమ్మర్ క్యాంప్ పేరుతో పారా పిల్లల లేన్ తీసేసి చిన్నపిల్లలకి ఇచ్చేస్తారు. సార్ గొడవ పడి పొద్దున ఐదున్నర స్లాట్ మాత్రం మిగిల్చారు. ఫీజు తీసుకుంటున్నప్పుడు లేన్ కూడా ఏడాదంతా ఉండాలి కదా.

నెలకి ఐదు వేలు, వారానికి ఐదు రోజులు, ఇంకో బ్యాచ్ సాయంత్రం ఉంది కానీ ఆ టైమ్‌లో ట్రాఫిక్ దాటి రావడం కష్టం. పారా పిల్లలకి ఫీజులో తగ్గింపు అడిగితే ఇస్తారు, అడక్కపోతే చెప్పరు. సార్‌కి కన్నడ, తమిళం బాగా వచ్చు, తెలుగు అర్థమవుతుంది, మావాడితో "ఏం నాయనా, ఈరోజు నిద్రా?" అనేంత మాట్లాడతారు.

ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ కడ్డీ, మెట్లు పెట్టించి సమ్మర్‌లో కూడా లేన్ పారా పిల్లలకే ఉంచితే ఐదు ఇస్తా. ట్రయల్ క్లాస్‌కి డబ్బులు తీసుకోరు. వెళ్ళేటప్పుడు టవల్స్ రెండు పట్టుకెళ్ళండి, కృత్రిమ కాలు వాడేవాళ్ళు ఈత అయ్యాక తొడ పూర్తిగా ఆరకుండా లైనర్ (కృత్రిమ కాలు లోపల వేసుకునే మెత్తటి తొడుగు) ఎక్కిస్తే పొక్కులొస్తాయి, పావుగంట కూర్చోనివ్వండి, ఆ కుర్చీలోంచి ఎవరూ లేవమనరు.