కెంటకీలో మూడు రోజులు, ఇరవై డాలర్ల సీసా

అక్టోబరులో తెనాలి నుంచి మా బాబాయి, పిన్ని అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో మా ఇంటికి వచ్చారు. రెండు వారాలు గడిచాక ఒక రాత్రి భోజనాల దగ్గర బాబాయి అడిగాడు. "ఒరేయ్, ఈ దేశంలో మొక్కజొన్నతో మందు చేస్తారంట కదా, అదెక్కడో చూపిస్తావా?" ఆయన వరి కోసిన మాగాణిలో ముప్పై ఏళ్లుగా మొక్కజొన్న వేస్తున్న మనిషి. ఆయన పండించే గింజంతా కోళ్ల దాణాకే పోతుంది. అదే గింజతో ప్రపంచమంతా అడిగి కొనుక్కునే సరుకు ఎలా చేస్తారో చూడాలని ఆయనకి ఎప్పటి నుంచో ఉందట. ఆ సరుకు పేరు బోర్బన్, అదొక రకం విస్కీ. నయాగరా టికెట్లు వాయిదా వేసి, అది చేసే కెంటకీ రాష్ట్రానికి బయల్దేరాం.

డ్రైవింగ్ అంతా మా తోడల్లుడిదే. ఆయన మందు ముట్టడు. ఈ యాత్రకి వెళ్లేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఈ విషయమే. డిస్టిలరీలు, అంటే మందు తీసే కర్మాగారాలు, చాలావరకు ఊళ్లకి దూరంగా, సన్నటి రోడ్ల మీద ఉంటాయి. టేస్టింగులో పోసేది కొంచెమే అయినా రోజుకి మూడు చోట్ల తాగితే ఎక్కువే అవుతుంది. తాగనివాళ్లు ఎవరూ లేకపోతే లూయివిల్, బార్డ్స్‌టౌన్ ఊళ్ల నుంచి తిప్పే వ్యాన్లు ఉన్నాయి. డబ్బు ఎక్కువైనా అవే మాట్లాడుకోండి.

మొదటి మజిలీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బఫెలో ట్రేస్ డిస్టిలరీ, మా ఇంటి నుంచి సుమారు మూడు గంటలు. మేం వెళ్లినప్పుడు ఇక్కడ టూరు ఉచితం, చివర్లో టేస్టింగు కూడా ఉచితమే. కాకపోతే ముందే బుక్ చేసుకోవాలి, శని ఆదివారాల స్లాట్లు చాలా ముందే అయిపోతాయి. ఎర్ర ఇటుకల పాత గోదాములోకి అడుగుపెట్టగానే పిన్ని ఆగిపోయింది. "మా అమ్మమ్మ గారి అటక మీద బెల్లం కుండలు పెట్టేవాళ్లే, అచ్చం ఆ వాసన" అంది. నిజంగా అలాగే ఉంది. పాత బెల్లం, తడిసిన చెక్క, కొంచెం వెనిలా. పీపాల్లోంచి ఏటా ఆవిరైపోయే మందు వాసన అది. దాన్ని అక్కడివాళ్లు దేవదూతల వాటా అంటారు.

పీపా దగ్గర నిలబడి గైడ్ చెప్పిన నియమాలు నేను బాబాయికి తెలుగులో చెప్పాను. బోర్బన్ అని పేరు పెట్టాలంటే అమెరికాలోనే చెయ్యాలి. గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పీపాలోనే నిల్వ చెయ్యాలి. రంగు గానీ రుచి గానీ బయటి నుంచి కలపకూడదు. ఆ ఎర్రటి రంగు, తీపి వాసన చాలావరకు కాలిన చెక్క నుంచి వచ్చినవే. పీపాని రెండోసారి బోర్బన్‌కి వాడరు, స్కాట్లాండ్ విస్కీ వాళ్లు కొనుక్కుపోతారు. కెంటకీ జనాభా 45 లక్షలైతే, గోదాముల్లో పీపాలు కోటి దాటాయి.

ఇక అసలు సంగతి, ధరలు. బఫెలో ట్రేస్ గిఫ్ట్ షాపులో బ్లాంటన్స్, వెల్లర్ లాంటి పేరున్న సీసాల్లో ఏది దొరుకుతుందో రోజుని బట్టి ఉంటుంది. దాని కోసం తెల్లవారక ముందే వచ్చి లైన్లో నిలబడేవాళ్లున్నారు. మేం వెళ్లేసరికి ఆ పూట సరుకు అయిపోయింది. బయటికొచ్చి దారిలో ఒక లిక్కర్ షాపుకి వెళ్తే అదే బ్లాంటన్స్ అద్దాల బీరువాలో పెట్టి 180 డాలర్లన్నారు. కంపెనీ సూచించే ధర అందులో సగం కూడా ఉండదు. మూత మీద గుర్రం బొమ్మ ఉన్న ఆ సీసా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లోపలి సరుకూ మంచిదే. కానీ 180 డాలర్ల సరుకు కాదది. అంత పోసి కొనొద్దని గట్టిగా చెబుతున్నాను. అదే డిస్టిలరీ సొంత పేరుతో అమ్మే బఫెలో ట్రేస్ సీసా 30 డాలర్ల లోపే వస్తుంది, తాగడానికి చాలా హాయిగా ఉంటుంది.

సాయంత్రానికి లారెన్స్‌బర్గ్‌లో వైల్డ్ టర్కీ డిస్టిలరీకి చేరాం. కెంటకీ నది పైన కొండ అంచున ఉంటుంది, కిటికీలోంచి పాత రైలు వంతెన కనిపిస్తుంది. జిమ్మీ రస్సెల్ అనే పెద్దాయన 1954లో ఇక్కడ పనిలో చేరాడు, తర్వాత ఆయన కొడుకు ఎడ్డీ అదే దారిలో నడిచాడు. బాబాయికి బాగా నచ్చిన విషయం ఇదే. "మన పొలం సంగతిలా ఉంది" అన్నాడు. ఇక్కడ కొనాల్సింది 101. అది ప్రూఫ్ అంకె. ప్రూఫ్‌లో సగం ఆల్కహాల్ శాతం, అంటే 50.5. ధర 25 డాలర్లకి అటూ ఇటూ. మిరియం ఘాటు, కాల్చిన మొక్కజొన్న పొత్తు తీపి, చివర్లో చెక్క వగరు, మూడూ విడివిడిగా తెలుస్తాయి. బాబాయి నాలుగు చుక్కలు నీళ్లు పోసుకుని తాగి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

బస సంగతి. మొదటి రాత్రికి బార్డ్స్‌టౌన్ శివార్లలో ఒక మోటెల్ తీసుకున్నాను. చవకగా వచ్చిందని తీసుకున్నది. గది నిండా చెమ్మ వాసన, హీటరు వేస్తే రాత్రంతా గడగడమని చప్పుడు. ఫోన్ చేస్తే గది మార్చడానికి ఎవరూ రాలేదు. పిన్నికి మోకాళ్ల నొప్పులు, చలికి నిద్ర పట్టలేదు. మర్నాడే ఖాళీ చేసి, ఊళ్లోనే ఒక పాతకాలపు ఇంట్లో గది తీసుకున్నాం. రాత్రికి 60 డాలర్లు ఎక్కువ పడింది, కానీ అందులో పొద్దున టిఫిను కలిసే ఉంది. ఆదివారం పొద్దున ఆ ఇంటావిడ వేడివేడిగా గ్రిట్స్ వడ్డించింది. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ ఉడికించినదే, పలచటి సంకటిలా ఉంటుంది. పిన్ని సంచీలోంచి ఆవకాయ సీసా తీసి కొంచెం పక్కన వేసుకుంది. ఇంటావిడ రుచి చూస్తానంటే ఆమెకీ వేసింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మాత్రం బస దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి.

శనివారం లొరెట్టోలోని మేకర్స్ మార్క్ డిస్టిలరీకి వెళ్లాం. నేను చూసినవాటిలో అందమైన చోటు ఇదే. నల్లగోడలకి ఎర్ర కిటికీ తలుపులు, మధ్యలో చిన్న వాగు. టూరుకి టికెట్టు కొనాలి, ఆ డబ్బుకి న్యాయం జరుగుతుంది. పులియబెట్టే తొట్లు సైప్రస్ చెక్కవి, మనిషి లోతుకి మించి ఉంటాయి. పైన పసుపు రంగు నురగ బుడబుడలాడుతూ ఉంది. వేలు ముంచి రుచి చూడమంది గైడ్. బాబాయి చెయ్యి కడుక్కుని వేలు ముంచి నాక్కుని, "తరవాణి! కొంచెం తియ్యగా ఉంది గానీ తరవాణే" అన్నాడు. పక్క తొట్టి ఇంకో రెండు రోజులు ముదిరింది, అందులో తీపి పోయి పులుపు మిగిలింది. గింజని ఉడికించేటప్పుడు కిందటి బట్టీలో మిగిలిన పుల్లటి గంజి కొంత పోస్తారు. పెరుగుకి తోడు గుర్తొస్తుంది. కానీ ఆ గంజి బట్టీలో మరిగి వచ్చింది కాబట్టి అందులో పులియబెట్టే జీవం ఉండదు, ఈస్ట్ విడిగా వేస్తారు. గంజిలోని పులుపు వల్ల చెడు సూక్ష్మజీవులు పెరగవు, ప్రతి బట్టీ ఒకే దారిలో నడుస్తుంది. సీసాల మీద సోర్ మాష్ అని రాసేది దీని గురించే.

మేకర్స్ మార్క్‌లో రై అనే ధాన్యం బదులు గోధుమ వేస్తారు. అందుకే నాలుక మీద మెత్తగా ఉంటుంది. మొదటిసారి బోర్బన్ తాగేవాళ్లు గోధుమ రకంతో మొదలుపెడితే మంచిది, ఇది గానీ లార్సెనీ అనే ఇంకో బ్రాండు గానీ. గిఫ్ట్ షాపులో సీసా కొంటే మూతని ఎర్ర మైనంలో మనమే ముంచుకోవచ్చు. బాబాయికి ఏప్రాన్ కట్టి, చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు పెట్టారు. సగం సైజు సీసా తలకిందులు చేసి ముంచి, ఒక తిప్పు తిప్పి నిలబెట్టాడు. మైనం నాలుగు ధారలుగా మెడ మీదుగా జారి ఆగింది. ఆ సీసాని ఆయన కారు వెనక సీట్లో ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం బార్డ్స్‌టౌన్‌లో ఆస్కార్ గెట్జ్ విస్కీ మ్యూజియం చూశాం. ప్రవేశం ఉచితం, తోచినంత విరాళం వెయ్యొచ్చు. మద్యనిషేధం రోజుల్లో డాక్టరు చీటీ మీద అమ్మిన విస్కీ సీసాలు అక్కడున్నాయి. సరసమైన ధరకి మంచి బోర్బన్ కావాలంటే తెలుసుకోవాల్సిన చరిత్ర కూడా అక్కడే ఉంది. 1890ల నాటికి అమెరికాలో విస్కీ పేరుతో విపరీతమైన కల్తీ. వట్టి స్పిరిట్‌లో రంగులు, పొగాకు రసం కలిపి అమ్మేవాళ్లు. కల్తీ సారా చావుల వార్తలు చదివిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 1897లో బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం వచ్చింది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసిన సరుకై ఉండాలి. ప్రభుత్వ నిఘా ఉన్న గోదాములో కనీసం 4 ఏళ్లు ఉండాలి. సరిగ్గా 100 ప్రూఫ్‌తో, అంటే 50 శాతంతో సీసాలో నింపాలి. ఏ డిస్టిలరీలో తీశారో దాని నంబరు లేబుల్ మీద ఉండాలి.

నేను బోర్బన్ కొనేది లేబుల్ మీద బాటిల్డ్ ఇన్ బాండ్ అన్న ఈ మాట చూసే. స్మాల్ బ్యాచ్ అన్న మాటకి చట్టంలో అర్థం లేదు, ఎవరైనా రాసుకోవచ్చు. పాతకాలపు బొమ్మ, తాతగారి పేరు, బరువైన సీసా, వీటికి మనం కట్టే డబ్బు గాజుకి, అట్టపెట్టెకి పోతుంది. వెనక లేబుల్ తిప్పి చూడండి. డిస్టిల్డ్ బై అని ఉందా, లేక బాటిల్డ్ బై అని మాత్రమే ఉందా? చాలా కొత్త బ్రాండ్లు ఇండియానాలోని ఒక పెద్ద డిస్టిలరీ నుంచి సరుకు కొని తమ పేరు పెట్టుకుంటాయి. అది చెడ్డ సరుకేమీ కాదు. కానీ ఊరూ పేరూ లేని సీసాకి 60 డాలర్లు పెట్టే ముందు ఆ సంగతి తెలిసి ఉండాలి. స్ట్రెయిట్ అని ఉంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నట్టు. దాని మీద వయసు రాయలేదంటే నాలుగేళ్లకి తగ్గలేదన్నమాట, తగ్గితే రాసి తీరాలి.

హెవెన్ హిల్ వాళ్ల టేస్టింగు కూడా బార్డ్స్‌టౌన్‌లోనే. 1996 నవంబరు 7న ఇక్కడ మంటలు లేచి ఏడు గోదాములు, 90 వేలకి పైగా పీపాలు బూడిదయ్యాయి, డిస్టిలరీ కూడా పోయింది. అప్పుడు పోటీ కంపెనీలే తమ బట్టీల్లో వీళ్ల సరుకు తీసిపెట్టి ఆదుకున్నాయి. ఈ కంపెనీదే ఇవాన్ విలియమ్స్. అందులో తెల్ల లేబుల్ ఉన్నది బాటిల్డ్ ఇన్ బాండ్. మాకు 18 డాలర్లకి దొరికింది. వేయించిన వేరుశనగ, కారమెల్, కొద్దిగా మిరియం. బాబాయి లెక్కలో పడ్డాడు. 50 శాతం సరుకు 750 మిల్లీలీటర్లు కొని 40 శాతానికి నీళ్లు కలిపితే 937 మిల్లీలీటర్లు అవుతుంది. "అంటే పావు సీసా అదనంగా వచ్చినట్టే కదరా!" ఓల్డ్ గ్రాండ్‌డాడ్ అనే బ్రాండులో బాటిల్డ్ ఇన్ బాండ్ సీసా కూడా ఇదే దారి, కాస్త రై ఘాటు ఎక్కువ.

ఆదివారం లూయివిల్ మెయిన్ స్ట్రీట్‌లో నడిచాం. డిస్టిలరీలన్నీ వరసగా ఉంటాయి, కారు అక్కర్లేదు. ఓల్డ్ ఫారెస్టర్‌లో పీపాని కాల్చడం కళ్లముందే చూపిస్తారు, అది ఒక్కటి చూసినా చాలు. మిగతా చోట్ల టికెట్టు ధరలు, పార్కింగు కలిపితే ఖర్చు పెరిగిపోతుంది. రెండు రోజులే ఉన్నవాళ్లు లూయివిల్ వదిలేసి బార్డ్స్‌టౌన్‌లోనే ఉండండి.

డిస్టిలరీలో కొంటే చవక అనుకోవద్దు. మైనం సీసా లాంటి గుర్తుంచుకునే వస్తువు అక్కడ కొనుక్కోండి, రోజూ తాగే సరుకు షాపులోనే మేలు. కెంటకీలో షాపు షాపుకీ ధర మారుతుంది. మా ఒహాయోలో విస్కీ లాంటి స్పిరిట్ల ధరలు రాష్ట్రమే నిర్ణయిస్తుంది, ఏ షాపుకి వెళ్లినా అదే ధర. అందుకని కెంటకీలో ఏ సీసా చూసినా ముందు ఫోన్‌లో ఒహాయో ధర చూసేవాణ్ని. రెండు మూడు చోట్ల అది నన్ను కాపాడింది. రాష్ట్రమే ధర పెట్టే పద్ధతి పెన్సిల్వేనియా, వర్జీనియా, నార్త్ కరోలినాల్లోనూ ఉంది. అక్కడి మనవాళ్లు కూడా ఇలాగే చేసుకోవచ్చు.

ఇక ఇండియాకి తీసుకెళ్లే సంగతి. 2025 ఫిబ్రవరిలో మన దేశం బోర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. అయినా అక్కడ కొనడం భారమే. ప్రయాణికుడు సుంకం లేకుండా 2 లీటర్లు తీసుకెళ్లొచ్చు. బాబాయి వాటాకి వైల్డ్ టర్కీ 101 ఒకటి, ఎర్ర మైనం చిన్న సీసా ఒకటి అయ్యాయి. తెల్ల లేబుల్‌ది కెంటకీలో కొన్నది అక్కడే బసలో అయిపోయింది, ఇంకొకటి కొలంబస్‌లో మా ఇంటి దగ్గర కొన్నాం. అది షాపులో అన్నిటికన్నా కింది అరలో ఉంది. నేను చూపించక ముందే బాబాయి వంగి తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి, 100 అన్న అంకె మీద వేలు పెట్టి, డిస్టిలరీ నంబరు కోసం సీసా తిప్పాడు.

మొత్తం 1875 మిల్లీలీటర్లు. వచ్చేటప్పుడు ఆవకాయ, గోంగూర సీసాలు తెచ్చిన పెట్టెలోనే, అవి ఉన్న చోటే, పిన్ని మూడింటినీ పాత నూలు చీరలో చుట్టి సర్దింది.