ఎనిమిదేళ్ళు, 74 వేల కిలోమీటర్లు: గట్టిగా రేజ్ ఇస్తే పుల్లింగ్ పోయే బండితో నా అనుభవం

నాది 150 సీసీ, సింగిల్ సిలిండర్, కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) ఉన్న బండి. మైలేజీ ఇప్పటికీ బాగానే ఇస్తోంది, సీటు మాత్రం గంట దాటితే నడుము పట్టేస్తుంది. ఆ రెండూ అంతటితో వదిలేస్తున్నా, ఎందుకంటే నేను రాయాలనుకున్నది వేరు. మామూలుగా నడిపితే ఏ తేడా తెలియకుండా, గట్టిగా రేజ్ ఇచ్చినప్పుడు మాత్రమే పుల్లింగ్ పోవడం ఈ బండికి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ కారణం వేరు.

మొదటిసారి 31 వేల దగ్గర. లారీని ఓవర్‌టేక్ చేద్దామని నాలుగో గేరులో పూర్తిగా తిప్పాను. మొదట బాగానే లాగింది, పది పదిహేను సెకన్ల తర్వాత ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు మెల్లమెల్లగా నీరసపడిపోయింది. పక్కన లారీ, ఎదురుగా బస్సు. చేతులు వణికాయి. ఎలాగో లారీ వెనక్కి వచ్చేశాను, కాసేపు నెమ్మదిగా పోయాక ఏమీ జరగనట్టు మళ్ళీ లాగింది. అందుకే చెబుతున్నా, ఈ కంప్లయింట్ ఉన్న బండితో దయచేసి ఓవర్‌టేక్ చేయకండి.

మెకానిక్ ప్లగ్ మార్చాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, కార్బ్యురేటర్ విప్పి కడిగాడు. రెండు రోజులు బాగుందనిపించింది, మూడో రోజు ట్యాంక్ ఫుల్ చేయించగానే మళ్ళీ అదే. పెట్రోల్లో నీళ్ళున్నాయేమో అన్నాడు, ఆ తర్వాత క్లచ్ ప్లేట్లు అరిగాయన్నాడు, నేనూ సరేనన్నాను. ప్లేట్లు మార్చినా ఫలితం లేదు. క్లచ్ జారితే ఇంజిన్ చప్పుడు పెరుగుతుంది, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు పైకి పోతుంది, స్పీడు మాత్రం పెరగదు. నా బండిలో ముల్లూ స్పీడూ రెండూ కలిసే పడిపోతున్నాయి. ఆ ఒక్క సంగతి నేను గమనించి చెప్పి ఉంటే ప్లేట్ల జోలికే వెళ్ళేవాళ్ళం కాదు.

చివరికి దొరికింది ఇలా. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, దగ్గర్లో నిప్పనేది లేకుండా చూసుకుని, కార్బ్యురేటర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి దాని పైపు సీసాలో పెట్టాను. ట్యాంక్ నిండుగా ఉంది, మూత బిగించే ఉంది, ట్యాప్ ఆన్‌లో ఉంది. మొదట ధార బాగా వచ్చింది, కాసేపటికి దారంలా సన్నబడింది, తర్వాత చుక్క చుక్క. అలాగే ఉంచి ట్యాంక్ మూత తెరిచాను. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు, వెంటనే సీసాలో ధార మళ్ళీ అందుకుంది! మూతకు ఉండే గాలి రంధ్రంలో దుమ్మూ తుప్పూ కలిసి ముద్దకట్టాయి. పెట్రోల్ కిందికి దిగాలంటే దిగినంత మేర ట్యాంకులోకి గాలి రావాలి. నెమ్మదిగా నడిపితే ఆ కాస్త గాలి సరిపోయేది, ఫుల్ రేజ్‌లో సరిపోయేది కాదు. కార్బ్యురేటర్ అడుగున కాస్త పెట్రోల్ నిలిచి ఉండే ఫ్లోట్ గిన్నెలో ఉన్నది అయ్యేదాకా లాగి, ఆ తర్వాత నీరసపడేది, ఆ పది పదిహేను సెకన్లు అవే. ట్యాంక్ నిండుగా ఉంటే పైన గాలికి చోటు తక్కువ కాబట్టి లోపల వాక్యూమ్ ఇంకా త్వరగా ఏర్పడేది, పాపం పెట్రోల్ మీద అనుమానం అందుకే వచ్చింది. రంధ్రం శుభ్రం చేశాక ఆ బాధ మళ్ళీ రాలేదు.

రెండోసారి 46 వేల దగ్గర వచ్చింది. అప్పుడు నీరసం కాదు, కుదుపులు. ఫుల్ రేజ్ ఇచ్చిన క్షణంలోనే టక్కు టక్కుమని మిస్సింగ్, రేజ్ తగ్గిస్తే మాయం. పెట్రోల్ తక్కువైతే ఇంజిన్ మెల్లగా వాడిపోతుంది, కరెంటు తెగితే ఇలా ఒక్కసారిగా తన్నుతుంది. కొన్ని వందల కిలోమీటర్లలో నాకు బాగా అర్థమైన తేడా ఇదే. గట్టిగా రేజ్ ఇస్తే సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది, ప్లగ్ దగ్గర స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి, ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతిని ఉంటే కరెంటు అటు నుంచి పారిపోతుంది. రాత్రి లైట్లన్నీ ఆపి ఇంజిన్ రేజ్ చేస్తూ చూశాను, ప్లగ్ క్యాప్ పక్క నుంచి ఇంజిన్ ఫిన్ (ఇంజిన్ చల్లబడడానికి చుట్టూ ఉండే రేకు) మీదికి నీలంగా సన్నటి మెరుపు. క్యాప్‌కి వెంట్రుకంత పగులు. అది మార్చగానే పోయింది. ఆ సమయంలో చేతులు మాత్రం దూరంగా పెట్టండి, షాక్ గట్టిగానే కొడుతుంది.

మూడోది 63 వేల దగ్గర, కార్బ్యురేటర్ పైన ఉండే రబ్బరు డయాఫ్రం. అప్పుడు నీరసం లేదు, కుదుపు లేదు, ఎంత తిప్పినా ఒక స్పీడు దగ్గరే ఆగిపోయేది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని కొంచెం సాగదీస్తే సూది మొనంత చిల్లు కనిపించింది. చిల్లుంటే దాని పైన వాక్యూమ్ నిలవదు, పైకి లేచిన కొద్దీ ఇంజిన్‌లోకి గాలీ పెట్రోలూ ఎక్కువగా వదిలే స్లైడ్ పూర్తిగా పైకి లేవదు.

ప్లగ్ రంగు చూసి లోపం చెప్పేస్తామనే వాళ్ళ మాట అంత తేలిగ్గా నమ్మకండి. ఇంటిదాకా నెమ్మదిగా వచ్చి విప్పిన ప్లగ్ ఆ నెమ్మది ప్రయాణం సంగతే చెబుతుంది, ఫుల్ రేజ్ సంగతి కాదు. దానికంటే ఏ గేరులో, ఎన్ని సెకన్లకు, మెల్లగానా కుదుపుతోనా, ముల్లు ఎటు పోయింది, ట్యాంకులో పెట్రోల్ ఎంత, ఇవి కాగితం మీద రాసి మెకానిక్ చేతిలో పెట్టండి. మూడోసారి నేను అదే చేశాను, అతను వేరే ఏదీ ముట్టుకోకుండా నేరుగా కార్బ్యురేటర్ పైమూతే విప్పాడు.

ఇంజిన్ విషయంలో మాత్రం ఈ బండికి పూర్తి మార్కులు వేస్తాను. 74 వేలయినా పిస్టన్, రింగులు కంపెనీవే, వాల్వ్ క్లియరెన్స్ రెండుసార్లు సరిచేయించాను, అంతే. మూడు కంప్లయింట్లలో ఏదీ ఇంజిన్ లోపలిది కాదు. ఇప్పుడు ప్రతి సర్వీసుకూ ట్యాంక్ మూత రంధ్రం నేనే చూసుకుంటాను, కొత్త ప్లగ్ క్యాప్ ఒకటి టూల్ కిట్‌లో ఎప్పుడూ ఉంటుంది.