పది మ్యాచ్‌లు, ఒకే తెర: ఆఖరి రౌండ్ రాత్రి స్ట్రీమింగ్ యాప్‌పై సమీక్ష

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆఖరిదైన 38వ రౌండ్‌లో పది మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి. మనకు అది మామూలుగా ఆదివారం రాత్రి 8:30. ఒకచోట గోల్ పడితే ఇంకెక్కడో ఓ జట్టు కింది డివిజన్‌కి జారిపోతుంది. 2012 మే 13న మాంచెస్టర్ సిటీ, యునైటెడ్ చెరి 89 పాయింట్లతో ముగించాయి; గోల్స్ తేడానే (వేసినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే సిటీకి +64, యునైటెడ్‌కు +56) టైటిల్ తేల్చింది. సిటీకి టైటిల్ తెచ్చిన అగ్యూరో గోల్ 94వ నిమిషంలో వచ్చింది. అలాంటి రాత్రికి స్ట్రీమింగ్ యాప్ సరిపోతుందా అంటే, సగమే.

బొమ్మ బాగుంటుంది. చిక్కంతా ఆలస్యంతోనే. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, కొన్ని ముక్కలు నిల్వ చేసుకున్నాకే యాప్ చూపిస్తుంది. అందుకే మైదానం కన్నా అర నిమిషం వెనకబడటం మామూలే. స్కోర్ అలర్ట్‌లో ఉండేది నాలుగు అక్షరాలే కాబట్టి అది ముందే వచ్చేస్తుంది. కార్నర్ కొట్టకముందే గోల్ సంగతి తెలిసిపోతే ప్రాణం ఎంత ఉసూరుమంటుందో! 8:25కే అలర్ట్‌లు ఆపెయ్యండి, వాట్సాప్ గ్రూపులు కూడా.

టీవీకి వైఫై బదులు లాన్ కేబుల్ పెట్టండి. ఫోన్ డేటా మీదైతే 1080పీలో గంటకు 3 జీబీ దాకా ఖర్చవుతుంది, 720పీ చాలు. చౌక ప్లాన్లలో చాలావరకు ఒకే తెర ఇస్తారు, రెండోది తెరిస్తే మొదటిది ఆగిపోతుంది. ఆ ఒక్క తెర మీద టైటిల్ మ్యాచ్ కన్నా 17, 18 స్థానాల పోరు (18 నుంచి కిందివాళ్లు జారిపోతారు) పెట్టుకోండి. అక్కడ జారినవాళ్లకు వచ్చే ఏడాది ఈ లీగే ఉండదు.