లైటా, కరెంటా, గుంటా: రెండర్థాల మాటతో ఏ దారి మేలు?

హైదరాబాద్‌లో ఇన్వర్టర్లు, మోటార్ల వెంట వచ్చే తెలుగు కాగితాలు రాయడం నా పని. ఒకసారి హెచ్చరిక కార్డులో "ఎర్ర లైట్ వస్తే లైట్ తీసుకోవద్దు" అని రాశాను. పంచ్ బాగా పడిందని ఒకటే సంబరం. అచ్చుకు పంపే ముందు మా వీధి ఎలక్ట్రీషియన్‌కు చూపిస్తే, కార్డు అటూ ఇటూ తిప్పి, "ఏ లైట్ తీయొద్దు అన్నా? ఇండికేటరా?" అన్నాడు. రోజుకు పదిసార్లు "లైట్ తీస్కో అన్నా" అనే మనిషే! చేతిలో టెస్టర్ ఉంటే మాత్రం అతనికి లైట్ అంటే లైటే.

ఇలాంటి మాట తగిలినప్పుడు నాకు కనిపించేవి మూడు దారులు: పుస్తకాల మాట వాడడం, జనం మాటను అలాగే ఉంచేయడం, జనం మాటే ఉంచి పక్కన ఇంకో మాటతో దాన్ని బిగించడం.

పుస్తకాల మాటకు తికమక లేదు. "విద్యుత్ ప్రవాహం" అంటే ఆంపియర్లలో కొలిచేది, అంతే. పదో తరగతి పిల్లలకు అదే సరి. అర్ధరాత్రి ఇన్వర్టర్ కూతపెడుతుంటే సెల్‌ఫోన్ వెలుగులో కార్డు చదివే మనిషికి మాత్రం అది పరీక్ష పేపర్‌లా ఉంటుంది.

జనం మాట చదవడానికి హాయి. చిక్కు తర్వాత తెలుస్తుంది. మన నోట్లో కరెంట్ అంటే సప్లయ్, వోల్టేజ్, షాక్, బిల్లు అన్నీ. "కరెంట్ ఎక్కువ వస్తోంది" అని ఫోన్ చేసేవాళ్లు చాలాసార్లు చెప్పేది వోల్టేజ్ గురించి: 230 దగ్గర ఉండాల్సింది బాగా పైకి పోయిందని. దాన్ని ఆంపియర్లు అనుకున్నామా, లోడ్ తగ్గించమని సలహా ఇచ్చేస్తాం. పాపం వాళ్లు ఏసీ ఆపుకుని కూర్చుంటారు, బల్బులు మాడుతూనే ఉంటాయి. కస్టమర్‌ మాట మార్చలేం కాబట్టి "బల్బులు మామూలు కంటే ఎక్కువ వెలుగుతున్నాయా, ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే తనే ఆగిపోయే స్విచ్) పడిపోతోందా?" అని మనమే అడగాలి.

భూమి దగ్గర ఇది ఇంకా ఖరీదైన వ్యవహారం. గుంటూరు నుంచి వచ్చిన మా బావమరిది శంకర్‌పల్లి వైపు ప్లాటు చూస్తూ, "ఐదు గుంటలు" అని ఫోన్‌లో వినగానే తన ఊరి సెంట్ల లెక్కలో పడ్డాడు. ఎకరానికి సెంట్లు 100, గుంటలు 40. సెంటు 48.4 గజాలు, గుంట 121. తను 242 గజాలనుకున్నది నిజానికి 605. ధర మరీ దారుణమని ఫోన్ పెట్టేశాడు, మంచి బేరం పోయింది. శ్రీకాకుళం వాళ్లకైతే గుంట అంటే ఆడపిల్ల, ఇంకా చాలామందికి నీళ్లు నిలిచే గొయ్యి. అలాగని గుంటను తీసేస్తే ఇక్కడి రైతు ఒప్పుకోడు. "5 గుంటలు, అంటే 605 గజాలు" అని రాస్తే ఇద్దరికీ సరిపోతుంది.

అందుకే నా ఓటు మూడో దారికి. చాలాసార్లు ఆ పని క్రియే చేసిపెడుతుంది. "బోరు వేయించాం" అంటే నేలలో, "బోర్ కొడుతోంది" అంటే మనసులో. చేతిపంపు ఉన్న ఊళ్లో బోరు కూడా కొట్టేదే అనుకోండి, అప్పుడు పక్కన బిందె పెట్టాలి.

ఇక ప్రాణం మీదికొచ్చే చోట యాస పంచ్‌లకు నేను పూర్తిగా దండం పెట్టేశాను. కార్డులో ఇప్పుడు "ఎర్ర లైట్ వెలిగితే వెంటనే మెయిన్ ఆపండి" అని ఉంది. ఎలక్ట్రీషియన్‌కు మళ్లీ ఇచ్చాను. చదివి, ఏమీ అడగకుండా మెయిన్ ఎక్కడుందా అని గోడ వైపు చూశాడు.