14 డాలర్ల స్కానర్‌ని నమ్మి పాత ప్రియస్ కొన్నాను, మీరు ఆ పని చేయకండి

పాత హైబ్రిడ్ కారు కొనే ముందు చెక్ చేసుకోడానికి చవక స్కానర్ ఏదో ఒకటి తెప్పించుకుందాం అనుకుంటున్న వాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి.

మే నెలలో ఇక్కడ డాలస్‌లో 2012 టొయోటా ప్రియస్ హైబ్రిడ్ ఒకటి చూశాను. లక్షా నలభై వేల మైళ్ళు తిరిగింది, రేటు బాగుంది, అమ్మేవాడు కూడా మర్యాదగా మాట్లాడాడు. స్టీరింగ్ కింద పోర్టులో గుచ్చుకునే బ్లూటూత్ స్కానర్, అగ్గిపెట్టంత ఉంటుంది, 14 డాలర్లు పెట్టి ముందే కొనుక్కుని ఉన్నాను. అన్ని హైబ్రిడ్లకీ పనిచేస్తుందని డబ్బా మీదే ఉంది. ఫ్రీ యాప్ తెరిస్తే కోడ్లు, అంటే బండి నమోదు చేసుకున్న లోపాలు, సున్నా. ‘హైబ్రిడ్ బ్యాటరీ రిమైనింగ్ లైఫ్’ అని ఒక లైను, పక్కన 74%. ఇంత పాత బ్యాటరీకి ఇంకా ముప్పావు వంతు ఆయుష్షు ఉందా అని మురిసిపోయి బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

మూడో వారం, మధ్యాహ్నం ఎండలో హైవే మీద ఎర్ర త్రికోణం వెలిగింది, ‘చెక్ హైబ్రిడ్ సిస్టమ్’. పక్కకి ఆపి స్కాన్ చేస్తే పీ0ఏ80, అంటే హైబ్రిడ్ బ్యాటరీ మార్చుకోమని. టెన్షన్‌లో ‘క్లియర్’ నొక్కేశాను. లైట్లు పోయాయి, నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాయి. అలా క్లియర్ చేస్తే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, అంటే కోడ్ పడిన క్షణంలో బండి ఏ స్థితిలో ఉందో రాసిపెట్టుకున్న లెక్క. తర్వాత మెకానిక్ మొదట అడిగింది అదే, నా దగ్గర లేదు.

చివరికి మా ఆఫీసులో ఒకన్న తన స్కానర్ తెచ్చాడు, వంద డాలర్ల పైన పెట్టి కొన్నది, ఫోన్‌లో ప్రియస్ కోసమే చేసిన యాప్. ఈ బండి బ్యాటరీలో 28 మాడ్యూళ్ళు ఉంటాయి, రెండేసి కలిపి 14 బ్లాకులు, మొత్తం 201.6 వోల్టులు. ఆయన పక్కన కూర్చుని ఫోన్ చూస్తుంటే నేను యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. పదమూడు బ్లాకుల వోల్టేజీ గీతలు కాస్త దిగి కలిసి నిలబడ్డాయి, ఏడోది మాత్రం మిగతావాటికంటే రెండు వోల్టులు ఎక్కువ కిందకి జారిపోయింది. వదలగానే మళ్ళీ ఏమీ ఎరగనట్టు పైకొచ్చి వాటితో కలిసిపోయింది. నా స్కానర్‌కి అసలు ఈ బ్లాకులన్నవే కనపడవు.

మరి ఆ 74%? అది ఆయుష్షు కాదు, ఆ నిమిషానికి ఉన్న ఛార్జి. కార్లు స్కానర్లతో మాట్లాడే ఉమ్మడి పద్ధతి, ఓబీడీ ప్రమాణంలోనే ఆ లైనుకి అలాంటి పేరు పెట్టారు, ఫ్రీ యాప్ దాన్నే చూపిస్తుంది. ప్రియస్ ఎప్పుడూ ఛార్జిని 40కి 80కి మధ్యలో, ఇంచుమించు 60 దగ్గర తిప్పుకుంటూ ఉంటుంది, షోరూమ్ నుంచి వచ్చిన బండైనా అంతే. పైగా చచ్చిపోయే బ్యాటరీ ఇంకా తొందరగా నిండినట్టు చూపిస్తుంది.

నాకు ఒళ్ళు మండింది దీనికి కాదు. కొన్న రోజు తీసిన స్క్రీన్‌షాట్ ఫోన్‌లో ఉంటే మళ్ళీ చూశాను. కింద చిన్న అక్షరాల్లో ‘కోడ్లు క్లియర్ చేశాక తిరిగిన దూరం: 19 కి.మీ.’ అని ఉంది. నేను వెళ్ళే ముందే ఎవరో కోడ్లు తుడిచేశారు. 14 డాలర్ల వస్తువు ఆ నిజం చెప్పింది, నేనే చదవలేదు.

ఇంకో సంగతి. ఈ చవక రకాల్లో చాలావాటిలో ఈఎల్ఎం327 అనే చిప్‌కి నకలు ఉంటుంది. వెర్షన్ 2.1 అని చూపించేవాటిలో చాలావరకు కొన్ని కమాండ్లకి జవాబే ఇవ్వవు, అందుకే మంచి యాప్ వేసినా నాది కనెక్ట్ అయ్యి ఊరికే తిరుగుతూ ఉండేది. డాక్టర్ ప్రియస్, హైబ్రిడ్ అసిస్టెంట్ లాంటి యాప్‌ల వాళ్ళు ఏ అడాప్టర్లు పనిచేస్తాయో చెప్తారు, ముందు అది చూసి తర్వాత కొనండి. ఐఫోన్ అయితే మామూలు బ్లూటూత్‌వి పనికిరావు, వైఫై కానీ బీఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే రకం బ్లూటూత్) కానీ ఉండాలి. కేబుల్‌తో పాటు టెక్‌స్ట్రీమ్ (టొయోటా వాళ్ళ సొంత స్కానింగ్ సాఫ్ట్‌వేర్) సీడీ ఇస్తామనేవాళ్ళ జోలికి వెళ్ళకండి, అది దొంగ కాపీ, వైరస్ ఉందో లేదో దేవుడికే తెలియాలి. అమ్మేవాడిని ‘హైబ్రిడ్‌కి పనిచేస్తుందా’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. ‘నా మోడల్లో బ్లాక్ వోల్టేజీలు చూపిస్తుందా, ఏబీఎస్ (బ్రేకుల) కోడ్లు చదువుతుందా’ అని అడగండి.

బాగుచేసిన బ్యాటరీ వేయించడానికి 1,900 డాలర్లు అయింది. హైదరాబాద్‌లో మా బావ కొత్త టొయోటా ఇన్నోవా హైక్రాస్‌కి ఇలాంటిదే కొంటానంటే ఆగమన్నాను, అక్కడ హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కి.మీ. వారంటీ ఉంది కదా, దేనికి?

ఆ 14 డాలర్లది ఇంకా నా దగ్గరే ఉంది. పాత బండి చూడ్డానికి వెళ్తూ ఆ ‘తిరిగిన దూరం’ లైను కోసం ఎవరికైనా కావాలంటే పట్టుకెళ్ళండి, కానీ పనవగానే పోర్టులోంచి పీకేయండి. నేను శని, ఆదివారాలు అలాగే వదిలేస్తే సోమవారానికి 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోయింది. ఆ బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, కరెంటు లేకపోతే ఆ డిక్కీ బయటి నుంచి తెరుచుకోదు.